రెండు పూల నెలలు

మా చెల్లెలు బోగ్నా చేపలతో మాట్లాడినంత ధారాళంగా మనుషులతో మాట్లాడదు. ఊరి చివర చేపపిల్లల్ని పెంచే తొట్ల దగ్గర దాని ఉద్యోగం. అక్కడ ట్రౌట్ పిల్లల్ని అది బుజ్జగించడం, కసరడం, బతిమాలడం నేను చెవులారా విన్నాను. ఇంటికొచ్చాక మాత్రం సూప్ ఎలా ఉందే అంటే తలూపుతుంది. దాని మొగుడు గుస్తావ్ అడవిలో పని చేస్తుండగా చెట్టు కూలి మీదపడి పోయాడు. ఆ తర్వాత ఆ తలూపడం కూడా తగ్గింది. సాన్ నది ఒడ్డున ఒక ఇంట్లో మేమిద్దరం ఆడవాళ్ళం. దాని వంతు మాటలు కూడా నేనే మాట్లాడుకుంటూ వచ్చాను.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చునేదాన్ని కాబట్టి ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. అందుకేనేమో మా నది మీద ఏ గాలం పోటీ జరిగినా నన్ను ఒక భాగానికి జడ్జీగా నిలబెడతారు. నాలుగు దేశాల నుంచి వచ్చిన మగాళ్ళు చంకల దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, జానెడు చేప కోసం పసిపిల్లల్లా పేచీలు పెట్టుకుంటుంటే కసరడానికి ఒక మనిషి ఉండాలి కదా.

ఈ పోటీల్లో పట్టిన చేపని ఎవరూ తినరు. ఈకలూ దారమూ చుట్టి చేసిన ఉత్తుత్తి ఈగతో, ముల్లు లేని కొక్కేనికి చేపని పట్టాలి. చేతివలలో వేసుకుని ఒడ్డున ఉన్న కొలత మనిషి దగ్గరికి తేవాలి. కొలత మనిషి చేతులు తడుపుకుని, అంకెలు గీసిన చెక్క తొట్టిలో చేపని పడుకోబెట్టి, పొడవు పైకి చెప్పి రాసుకుంటే అది లెక్కకొస్తుంది. ఆ వెంటనే చేప నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. కొలవని చేప పట్టని చేపతో సమానం. ఎవరికి ఏ మలుపు, ఏ కొలత మనిషి అన్నది చీటీలు తీసి తేలుస్తారు. కొలత మనిషి అంకెలు తప్ప ఇంకో మాట మాట్లాడకూడదు. మాట్లాడకుండా నిలబడే ఉద్యోగం కాబట్టి మా బోగ్నా దాన్ని ఇష్టపడి చేసేది.

ఆ ఏడు సెప్టెంబరు పోటీలో దానికి చీటీలో వచ్చినవాడు రాదిమ్ అనే చెక్ మనిషి. యాభై దాటినవాడు, గాజు కార్ఖానాలో కొలిమి దగ్గర పని, అందుకని ముఖం ఎప్పుడూ కాస్త ఎర్రగా ఉంటుంది. చెక్ వాళ్ళంటే మా వాళ్ళకి పాత మంట ఒకటుంది. బరువైన ఈగని పొట్టి దారంతో నది అడుగున దొర్లించి పట్టే పద్ధతి మాదేనని, వాళ్ళు చూసి నేర్చుకుని తమ పేరు తగిలించుకున్నారని మా ఊరి మగాళ్ళ ఏడుపు. ఆ ఏడుపు మీద ఎన్ని వోడ్కా సీసాలు ఖాళీ అయ్యాయో ఆ సీసాలకే తెలియాలి. కాబట్టి రాదిమ్ మంచివాడని బోగ్నా మొదట చెప్పినప్పుడు నేను దాన్ని ఎగాదిగా చూశాను.

జరిగింది ఇది. రాదిమ్ మంచి చేపని తెచ్చాడు. బోగ్నా తొట్టి తడిపి సిద్ధంగా ఉంది. అతను వలలో చెయ్యి పెట్టి, చేప రెక్క దగ్గర గుచ్చుకున్న కొక్కేన్ని చూపించి తల అడ్డంగా ఊపాడు. కొక్కెం నోట్లో పడకుండా ఒంటికి తగిలిన చేప లెక్కకి రాదు. అతను చూపించేదాకా బోగ్నా ఆ కొక్కేన్ని చూడనే లేదు, ఒక్క క్షణంలో తీసేసి ఊరుకుంటే అడిగేవాడు లేడు. ఆ కథ నా చెల్లెలు ఆ సాయంత్రం నాకు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లు చెప్పడమే నాకు విడ్డూరంగా అనిపించింది.

రాత్రి ఫైరింజన్ల షెడ్డు పక్క హాల్లో అందరికీ భోజనాలు. బోగ్నా పొద్దున కాల్చిన రొట్టె బల్ల మీద పెట్టింది. రాదిమ్ ఒక ముక్క కొరికి, కళ్ళు మూసుకుని, హాలంతా వినబడేలా “చెర్స్త్వీ” అన్నాడు. మా భాషలో ఆ మాటకి ఎండి రాయి అయిపోయిన రొట్టె అని అర్థం. బోగ్నా ముఖం జేవురించింది. ఏమీ అనకుండా అతని ముందున్న పళ్ళెం లాక్కుని వెళ్ళిపోబోయింది. స్లొవాకియా జట్టులో రెండు భాషలూ వచ్చిన మాటూష్ అనే కుర్రాడు పొలమారేదాకా నవ్వి, అప్పుడు విడమరిచి చెప్పాడు. చెక్ భాషలో అదే మాటకి పొయ్యిలోంచి ఇప్పుడే తీసిన రొట్టె అని అర్థమట. మాకు రాయి, వాళ్ళకి వెన్న. అక్కడితో అందరికీ బుద్ధి రావాల్సింది. రాలేదు.

పళ్ళెం వెనక్కి వచ్చింది. దానితోపాటు బోగ్నా కూడా వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. సగం అతని భాష, సగం మా భాష, మిగతాది చేతులూ వేళ్ళూ. నేను గిన్నెలు సర్దే వంకతో అటు రెండుసార్లు వెళ్ళి చూశాను. నా చెల్లెలు మాట్లాడుతోంది. గుస్తావ్ పోయాక మొదటిసారి అది ఒక మనిషితో ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతోంది. నేను వంటగదిలోకి పోయి కాసేపు అలా నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది, ఉల్లిపాయలు కూడా లేవు సాకు చెప్పడానికి.

మర్నాడు బస్సు దగ్గర అతను టోపీ తీసి చేతిలో పట్టుకుని, “క్వ్యెత్ను వస్తాను బోగ్నా గారూ. పోటీ లేకపోయినా వస్తాను. ఉత్తరాలు రాయడం నాకు చేతకాదు. రావడం చేతనవును,” అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను. ఏప్రిల్లో అన్నమాట. చలికాలం పోగానే.

ఆ చలికాలం మా ఇంట్లో ఎవరో లోపలినుంచి దీపం పెట్టినట్టుండేది. బోగ్నా వంటగది కిటికీలకి రంగు వేసింది. చెక్ మాటల పుస్తకం ఎక్కడో సంపాదించి మొదటి పది పేజీలూ చదివి, మిగతాది అతనే నేర్పుతాడులే అని అటక మీద పడేసింది. ఆ పదకొండో పేజీ తిప్పి ఉంటే ఈ కథ లేదు. నేను మాత్రం రోజూ పోస్టాఫీసులో ఉత్తరాల సంచీ తిరగేసేదాన్ని. రాయడం చేతకాదని చెప్పినవాడి దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు. మాట మీద నిలబడే రకమే అనుకుని నేనూ సంతోషించాను.

ఏప్రిల్ వచ్చింది. బోగ్నా జుట్టుకి రంగు వేయించుకుంది. శనివారం శనివారం రొట్టె కాల్చింది. తొట్ల దగ్గర పని పొద్దుటి పూటకి మార్పించుకుంది, ఎందుకంటే సానోక్ పట్నం నుంచి వచ్చే బస్సు మధ్యాహ్నం మా వంతెన దగ్గర ఆగుతుంది. బస్సు వేళకి దానికి సరిగ్గా ముంగిట్లోనే ఏదో పని ఉండేది. దుప్పట్లు దులిపేది. దులిపిన దుప్పట్లే మళ్ళీ దులిపేది. నెల మధ్యలో మంచు కురిసింది, దారి మూసుకుపోయిందేమోలే అంది. మంచు కరిగింది. ప్లమ్ చెట్లు పూశాయి. బస్సులోంచి పాలడబ్బాల ముసలాళ్ళు దిగారు, బడిపిల్లలు దిగారు, మా పాదిరి గారి తమ్ముడు దిగాడు. ఆ నెలంతా నేను ఇంట్లో ఎవరినీ ఏమీ కసరలేదు. దాని ముఖం చూస్తే నోరు రాలేదు.

నెలాఖరులో పోటీల వాళ్ళ దగ్గర్నుంచి నాకు ఒక కాగితం వచ్చింది. మే రెండోవారంలో మా నది మీద వసంతం పోటీ. వచ్చే జట్ల పేర్లలో రాదిమ్ పేరు ఉంది. బోగ్నాకి ప్రాణం లేచొస్తుందని పరుగెత్తుకెళ్ళి చెప్పాను. అది చేతిలో ఉన్న చెంబు కింద పెట్టి, “చేపల కోసం వస్తున్నాడన్నమాట,” అంది. అంతే. నా కోసం కాదు అని అది పైకి అనలేదు. నాకు వినబడింది.

మర్నాడే వెళ్ళి, జర్మనీకి ఆడకూలీలని పంపే ఆవిడ దగ్గర పేరు ఇచ్చేసింది. అక్కడ ఆస్పరాగస్ అనే కూర కాడలు తవ్వే పని, జూన్ ఆఖరు దాకా. పని అయ్యాక ఆ పొలం యజమానురాలి అత్తగారిని చూసుకోవడానికి అక్కడే ఉండిపోయే మనిషి కావాలట, దానికి కూడా సరే అని వచ్చింది. జర్మనీ బస్సు పోటీ అయిన మర్నాడు, ఆదివారం. నేను కడిగిపారేశాను. ఒక మగాడు మాట తప్పితే దేశం వదిలి పోతారా, ఇక్కడ నేను ఒక్కదాన్ని గోడలకి చెప్పుకోవాలా, నీ తొట్లలో పిల్లల్ని ఎవరు చూస్తారు అని అరిచాను. అది తలూపింది. అన్నాళ్ళూ మాట్లాడిన మనిషి మళ్ళీ తలూపే మనిషి అయిపోయింది. నాకు అసలు భయం అదే.

పోటీకి ముందురోజు సాయంత్రం మా గేటు చప్పుడయింది. కిటికీలోంచి చూస్తే రాదిమ్. కొత్త చొక్కా, దువ్విన తల, చంకలో గుండ్రటి డబ్బా ఒకటి. నవ్వుకుంటూ వస్తున్నాడు, ఏ తప్పూ లేనివాడు నవ్వినట్టు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండింది. బోగ్నా తలుపు తీసింది. అతను రెండు చేతులతో డబ్బా ముందుకు చాపి ఏదో అన్నాడు. అది డబ్బా అందుకుంది, తలుపు వేసేసింది. దభాలున వెయ్యలేదు. నెమ్మదిగా, గొళ్ళెం పడిన చప్పుడు అతనికి వినబడేలా వేసింది.

అతను మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాడు. తలుపు కొట్టలేదు. తర్వాత టోపీ పెట్టుకుని వంతెన వైపు వెళ్ళిపోయాడు. డబ్బాలో వాళ్ళ ఊరి పల్చటి తియ్యటి అప్పడాలు ఉన్నాయి, మధ్యలో హేజల్ గింజల పొడి పెట్టినవి. బోగ్నా వాటిని కోళ్ళకి వెయ్యమంది. కోళ్ళకి కొన్ని వేశాను. మిగతావి నేను తిన్నాను, చాలా బాగున్నాయి. ఆ సంగతి దానికి చెప్పలేదు.

ఆ రాత్రి జట్ల ముందు చీటీలు తీశారు. పెద్ద మలుపు, ఆల్డర్ చెట్ల కింద, రాదిమ్‌కి. ఆ మలుపు కొలత మనిషి బోగ్నా. అది నా దగ్గరికొచ్చి మార్చమంది. చీటీ మారిస్తే రేపు ఇంకొకడొచ్చి నాకూ మార్చమంటాడు, అదేం కుదరదు అన్నాను. నిజమే చెప్పాను. మార్చడానికి వీలున్నా మార్చేదాన్ని కానని మాత్రం చెప్పలేదు.

పొద్దున్న నదికి వెళ్తున్నవాళ్ళకి “నీ గాలం బెత్తం విరగ” అని చెప్పడం మా ఆచారం. అది దీవెన. మంచి జరగాలని నేరుగా అంటే జరగదని మా వాళ్ళ నమ్మకం. నేను అందరికీ వరసగా చెప్పుకుంటూ పోయాను. బోగ్నా కూడా రాదిమ్‌కి చెప్పింది. కాకపోతే నిజంగా విరగాలనే చెప్పినట్టు చెప్పింది.

ఈల వేశాక నేను ఒడ్డున అటూ ఇటూ తిరుగుతూ నా భాగంలోని మలుపులన్నీ చూడాలి. ఆ రోజు నా కాళ్ళు ఆల్డర్ చెట్ల వైపే ఎక్కువ పోయాయి. రాదిమ్ మోకాళ్ళ లోతులో నిలబడి, దారం పొట్టిగా పట్టుకుని, బెత్తం కొసని నీళ్ళ వెంబడి నెమ్మదిగా నడిపించేవాడు. చేప తగిలినా ఏ హడావుడీ ఉండేది కాదు, మణికట్టు ఒక్కసారి కదిలేది. వలలో వేసుకుని ఒడ్డుకి వచ్చేవాడు. బోగ్నా కొలిచి అంకె చెప్పేది. అతను అంకె విని ఇంకేదో అనబోయేవాడు. అది తొట్టిలో నీళ్ళు పారబోసి, ముఖం తిప్పుకునేది. చేప వెనక చేప అలాగే జరిగింది. అంత మంచి చేపలు పడుతున్న మనిషి అంత దిగులుగా ఉండటం నేను ఇంకెక్కడా చూడలేదు. చెక్ జట్టు ముందంజలో ఉంది, మా వాళ్ళు వెనకే తరుముకొస్తున్నారు. కప్పు ఈ మలుపులోనే తేలుతుందని అందరికీ తెలుసు. అవతలి ఒడ్డున చెక్ జట్టు పెద్ద హినెక్ దుర్భిణి పట్టుకుని కూర్చున్నాడు.

ఆఖరి అరగంటలో అతనికి పెద్ద చేప తగిలింది. బెత్తం సగానికి వంగింది. చేప అతన్ని మలుపు కింద దాకా ఈడ్చుకుపోయింది. వలలో పడ్డాక చూస్తే తోక బయటే ఉంది. ఆ మూడుగంటల పోటీలో అలాంటి చేప ఎవరికీ పడలేదు. అది కొలిస్తే కప్పు వాళ్ళదే. బోగ్నా చేతులు తడుపుకుని తొట్టి ముందుకు పెట్టింది.

రాదిమ్ చేపని తొట్టిలో వెయ్యలేదు. వలని నీళ్ళలోనే ఉంచి, చేప ఊపిరి తీసుకునేలా పట్టుకుని, “తలుపెందుకు వేసేశారు?” అన్నాడు.

“చేపని ఇలా ఇవ్వండి,” అంది బోగ్నా.

“ఇస్తాను. ముందు చెప్పండి. నేనేం చేశాను?”

అది నా వైపు చూసింది. నేను జడ్జీని. కొలత మనిషి మాట్లాడకూడదని గుర్తు చెయ్యాల్సిందాన్ని. నేను ఆల్డర్ కొమ్మ మీద పక్షిని చూస్తూ నిలబడ్డాను.

“క్వ్యెచెన్ అంతా చూశాను మీ కోసం,” అంది బోగ్నా. దాని గొంతు చాలా చిన్నగా ఉంది. “నెలంతా. ప్రతి బస్సూ చూశాను.”

రాదిమ్‌కి అర్థం కాలేదు. “నెలంతా ఎలా చూస్తారు? క్వ్యెతెన్ ఇప్పుడే కదా మొదలైంది.”

“ఎగతాళా?”

“ఎగతాళి దేనికి? క్వ్యెత్ను వస్తానన్నాను. వచ్చాను. ఇదే కదా,” అంటూ అతను ఒడ్డు మీద విరగబూసిన ఆపిల్ చెట్టుని గడ్డంతో చూపించాడు. చేతులు ఖాళీ లేవు మరి.

బోగ్నా తడి చెయ్యి ఎత్తి వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. మా నెలలు. స్తిచెన్, లూతి, మార్జెత్స్, క్వ్యెచెన్. నాలుగు వేళ్ళు మడిచి ఆగింది. రాదిమ్ ఆ వేళ్ళ వైపు చూశాడు. వల పిడిని మోచేత్తో ఒంటికి అదిమిపెట్టుకుని, తనూ మొదలుపెట్టాడు. లెదెన్, ఊనోర్, బ్ర్జెజెన్, దుబెన్. నాలుగు మడిచాడు. అక్కడ ఆగలేదు. అయిదోది, బొటనవేలు, నెమ్మదిగా ముందుకు చాపాడు.

“క్వ్యెతెన్,” అన్నాడు.

ఒడ్డున నాకు అప్పుడు వెలిగింది. రెండు మాటలూ పూల లోంచే పుట్టాయి. పూలు పూసే నెల ఏదంటే మా పూర్వీకులు ఏప్రిల్ అన్నారు, వాళ్ళ పూర్వీకులు మే అన్నారు. ఒక కొండ ఇవతల ఒకరు, అవతల ఒకరు. ఆ తేడాలో నా చెల్లెలు ముప్ఫై దినాలు దుప్పట్లు దులిపింది.

బోగ్నా ఆ బొటనవేలి వైపు చూసింది. తర్వాత చెయ్యి చాపి ఆ వేలిని గుప్పిట్లో పట్టుకుంది. చిన్నపిల్లలు రోడ్డు దాటేటప్పుడు పట్టుకుంటారే, అలా. అతను రెండో చేతిని దాని చేతి మీద వేశాడు. మోచెయ్యి సడలింది, వల ఒరిగింది. చేప తాపీగా తోక ఊపుకుని అతని మోకాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయింది. ఇద్దరిలో ఒకరైనా దాని వైపు చూడలేదు. నేనూ హినెక్ దుర్భిణీ మాత్రం చూశాం.

కొలవని చేప పట్టని చేపే. ఈల వేశాక లెక్క చూస్తే కప్పు మా వాళ్ళకి పోయింది, చెక్ వాళ్ళు రెండో చోటు. హినెక్ ఊరుకోలేదు. సాయంత్రం హాల్లో పంచాయితీ పెట్టించాడు. పరాయి జట్ల నుంచి ముగ్గురు పెద్దమనుషులు బల్ల వెనక కూర్చున్నారు. కొలత మనిషి తమవాణ్ణి చెయ్యి పట్టుకుని ఆపిందని, అందుకే చేప పోయిందని, ఆవిడ మా ఊరి మనిషి కాబట్టి కావాలనే చేసిందని, కప్పు తమకే రావాలని అతని వాదన. నన్ను అడిగారు. నేను చూసింది చూసినట్టు చెప్పాను. చెయ్యి పట్టుకున్న మాట నిజం అన్నాను. నా సొంత చెల్లెలి మీద ఆ ముక్క చెప్పాల్సి వచ్చింది. బోగ్నా గోడకి ఆనుకుని నేల చూస్తోంది. పోటీల నుంచి దాన్ని వెలేసినా అది నోరెత్తదని నాకు తెలుసు. రేపు బస్సెక్కి ఆ అవమానాన్ని కూడా జర్మనీ పట్టుకుపోతుంది, ఇంక తిరిగి రాదు. రాదిమ్ అవును అని ఒక్క మాట అంటే చాలు, కప్పు అతనిది. కొలిమి దగ్గర పనిచేసే మనిషికి జీవితంలో ఎన్ని కప్పులొస్తాయి?

రాదిమ్‌ని లేవమన్నారు. లేచాడు. కొలత మనిషి వల్లే చేప పోయిందా అని అడిగారు.

“ఆవిడ తొట్టి తడిపి చాపింది. రెండుసార్లు ఇమ్మంది. నేనే ఇవ్వలేదు,” అన్నాడు. ఒక్కసారే అడిగింది నిజానికి. నేను దిద్దలేదు.

“మరి చేపని ఎందుకు వదిలావురా?” అని హినెక్ గద్దించాడు.

రాదిమ్ ఆలోచించాడు. “చేతులు ఖాళీ లేక,” అన్నాడు.

ముందు మాటూష్ నవ్వాడు, తర్వాత అందరూ. బల్ల వెనక పెద్దమనుషులు కూడా నవ్వి, ఫిర్యాదు కొట్టేశారు. హినెక్ ఒక్కడే నవ్వలేదు, ఆ మాటకొస్తే అతను రాదిమ్‌తో చాలాకాలం పలకలేదని తర్వాత తెలిసింది. బోగ్నా తలెత్తింది. దాని కళ్ళు నిండిపోయి ఉన్నాయి. ఎవరు చూస్తున్నారన్నది లేకుండా హాలు అడ్డంగా నడిచి వచ్చి అతని పక్కన నిలబడింది.

అయినా ఆదివారం అది బస్సెక్కింది. మాట ఇచ్చాను, నా మీద ఆధారపడి ఇంకో ఇద్దరికి చోటు కుదిరింది, కాడలు తవ్వే పని అయ్యేదాకా ఉండాల్సిందే అంది. ముసలావిడని చూసుకునే పని మాత్రం కుదరదని చెప్పేస్తానంది. నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. మాటంటే మాటే అన్నచోట అక్కచెల్లెళ్ళం ఒక్కటే.

రాదిమ్ వాళ్ళ జట్టు బస్సు వదిలేసి దీన్ని సాగనంపడానికి వచ్చాడు. తిరిగొచ్చేది ఎప్పుడని అడిగాడు. బోగ్నా చెర్వ్యెత్స్ అని ఒక నెల పేరు చెప్పింది. అతని ముఖం వాడిపోయింది. వాళ్ళ చెర్వెనెత్స్ ఉందే, అది జూలై. మాది జూన్. మళ్ళీ అదే గొయ్యి. ఇద్దరూ ఒకేసారి నాలుక కరుచుకున్నారు. ఇంక పేర్లు వద్దని బోగ్నా ఆరు వేళ్ళు చూపించి, ఆఖర్న అని చెయ్యి దూరంగా చాపింది. జూన్ ఆఖరు. అతను తన ఆరు వేళ్ళు చూపించాడు. బస్సు కదిలాక కూడా ఇద్దరూ ఆరేసి వేళ్ళు ఎత్తి పట్టుకునే ఉన్నారు. లోపల కూర్చున్న ఆడవాళ్ళు ఏమనుకున్నారో.

జూన్ ఒకటో తేదీ నేను పోస్టాఫీసు నుంచి వచ్చేసరికి మా గేటు దగ్గర రాదిమ్ కూర్చుని ఉన్నాడు. పక్కన సంచీ, సంచీ మీద టోపీ. నా గుండె జారిపోయింది, మళ్ళీ ఏం తప్పు అర్థం చేసుకున్నాడో అని. గబగబా దగ్గరికెళ్ళి, ఆరు వేళ్ళు చూపించి, “ఆఖర్న అయ్యా, ఆఖర్న. ఇంకా నెల ఉంది. అది ఇప్పుడు రాదు,” అని చెవిటివాడికి చెప్పినట్టు చెప్పాను.

“తెలుసు జెనోబియా గారూ,” అన్నాడు. కార్ఖానాలో కొలిమి మరమ్మతుకి మూసేశారని, నది అవతల అద్దెకి గది తీసుకున్నానని చెప్పాడు.

“తెలిస్తే మరి ఇవాళే ఎందుకొచ్చారు?”

అతను వంతెన వైపు చూశాడు. మధ్యాహ్నం బస్సు ఆగి, ఎవరో ముసలాయన పాలడబ్బాతో దిగి, బస్సు వెళ్ళిపోయింది.

“ఆవిడ ఒక నెలంతా నా కోసం చూసింది కదండీ,” అన్నాడు. “నేనూ చూడాలి కదా.”

కోపం వస్తే నాకు మాటలు ఎప్పుడూ దొరుకుతాయి. అది కోపం కాదు కాబట్టి ఏమీ దొరకలేదు. లోపలికెళ్ళి, నేల మీద కూర్చోవద్దని ఒక కుర్చీ తెచ్చి గేటు పక్కన వేశాను.